ఊగని బల్ల: తిరుపతి కారు షెడ్డులో పనిబల్ల నిర్మాణ డైరీ

మే, రెండో వారం: కొలతలు

ఆవిలాల వైపున్న మా ఇంటి కారు షెడ్డు 10 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు గలది. వెనుక గోడకూ కారు ముందు భాగానికీ మధ్య మనిషి నడిచేంత చోటు మాత్రమే మిగులుతుంది కనుక పనిబల్లను కుడి గోడ వెంబడే వేయాలి. కారు లోపల ఉన్నప్పుడు బల్ల ముందు నుంచి పక్కకు తిరిగి నడవగలగాలి; పని ఉన్న రోజున కారు వీధిలో ఉంటుంది. ఈ లెక్కలన్నీ చూసుకుంటే బల్ల లోతు 2 అడుగులకు మించకూడదని, పొడవు 6 అడుగులు ఉండవచ్చునని తేలింది.

ఈ బల్ల మీద రెండు రకాల పనులు జరగాలి. మొదటిది చెక్కపని: పీటలు, అరలు, కిటికీ రెక్కల మరమ్మతు, ఎప్పుడైనా ఒక చిన్న పూజామందిరం. రెండవది ఇనుప పని: మిక్సీ మోటార్లు విప్పడం, ఫ్యాన్ బేరింగులు మార్చడం, స్కూటరు విడిభాగాలకు ఆకురాయి పట్టడం. చెక్కపనికి బల్ల కొంచెం కిందుగా ఉండాలి, ఎందుకంటే చిత్రిక పట్టేటప్పుడు చేతుల బలం మాత్రమే చాలదు, ఒంటి బరువు కూడా పనిముట్టు మీద పడాలి. ఇనుప పనికి వైసు, అంటే వస్తువును బిగించి పట్టే సాధనం, దవడలు మోచేతి ఎత్తుకు రావాలి. నా ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు. నిటారుగా నిలబడి చేతులు కిందికి వదిలితే మణికట్టు నేల నుంచి సుమారు 83 సెంటీమీటర్ల వద్దకు వస్తుంది, మోచేయి 105 సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. బల్ల ఎత్తును 84 సెంటీమీటర్లుగా పెట్టుకుంటే, దాని మీద బిగించే 5 అంగుళాల వైసు తన ఎత్తును తాను కలుపుకొని దాదాపు మోచేతి దగ్గరకు చేరుతుంది. ఈ విధంగా ఒకే బల్ల రెండు పనులకూ సరిపోతుంది. బజారులో దొరికే తయారీ బల్లలన్నీ ఎవరో సగటు మనిషిని ఊహించుకొని చేసినవి. సొంతంగా చేసుకోవడంలో ఉన్న మొదటి లాభం ఇదే.

మన వైపు వడ్రంగులు తరతరాలుగా బల్ల లేకుండానే పని చేశారన్న సంగతిని ఇక్కడ చెప్పకుండా ఉండలేను. ఏర్పేడు మండలంలోని మాధవమాలకు వెళ్లి చూస్తే, కొయ్యను చెక్కే శిల్పులు నేల మీద కూర్చుని, కాళ్లతో కొయ్యను అదిమిపట్టి ఉలి నడుపుతారు. పాదమే వారికి వైసు, నేలే వారికి బల్ల. నేల ఊగదు. అంత స్థిరమైన ఆధారాన్ని వదిలిపెట్టి మోకాళ్ల నొప్పుల కారణంగా పనిని నడుము ఎత్తుకు లేపుకుంటున్న మనిషి, ఆ ఎత్తులో నేలకున్న స్థిరత్వాన్ని తిరిగి సంపాదించుకోవాలి. ఈ నిర్మాణంలో నేను తీసుకోబోయే నిర్ణయాలన్నిటికీ ఇదే మూలం.

బల్ల ఎంత బరువు మోయాలి అని ఇప్పటికే చాలామంది అడిగారు. నిజానికి బరువు మోయడం కష్టమైన పని కాదు. నాలుగు సరుగుడు కర్రలు నిలబెట్టి మీద పలక వేసినా 200 కిలోలు మోస్తుంది. అదే పలక మీద చిత్రిక పట్టి చూస్తే, తోసిన ప్రతిసారీ బల్ల ముందుకు పోయి వెనక్కు వస్తుంది, చేతి బలంలో సగం ఆ ఊగుడుకే ఖర్చయిపోతుంది. పై నుంచి వచ్చే బరువు వేరు, పక్క నుంచి వచ్చే తోపు వేరు. ఈ రెండవదానిలో మళ్లీ రెండు రకాలున్నాయి: బల్ల మొత్తంగా నేల మీద జారడం ఒకటి, కాళ్ల మూలలు విడిపోయి చట్రం వాలడం మరొకటి. జారుడుకు మందు బరువు. వాలుడుకు మందు ఏటవాలు బద్దె. ఒకదానికి వేయవలసిన మందును రెండవదానికి వేసినందువల్లనే చాలా బల్లలు ఎంత లావు కాళ్లున్నా ఊగుతూ ఉంటాయి.

మే, చివరి వారం: నేల

షెడ్డు నేలకు గేటు వైపు వాటం ఉంది. వాననీరు, కారు కడిగిన నీరు బయటకు పోవడానికి మేస్త్రీలు పెట్టే వాటమే అది. కంటికి కనిపించకపోయినా బల్లకు అది పెద్ద విషయం. తాపీవాళ్లు వాడే నీళ్ల గొట్టాన్ని తెచ్చి, రెండు చివరలా నీటి మట్టాన్ని గోడ మీద గుర్తు పెట్టి, ఆ గుర్తుల నుంచి కిందికి నేల ఎంత దూరముందో కొలిచాను. ఆరడుగుల పొడవులో నేల 2 సెంటీమీటర్లకు పైగా దిగింది. రసమట్టంతో కూడా ఇది తెలుస్తుంది గానీ, పొడవైన దూరానికి నీళ్ల గొట్టాన్ని మించిన నమ్మకమైన సాధనం లేదు. నీరు అబద్ధం చెప్పదు, గొట్టంలో గాలిబుడగ లేకుండా చూసుకుంటే చాలు.

కాళ్లను వేర్వేరు పొడవులకు కోయించడం ఒక మార్గం. అయితే రేపు బల్లను మరొక చోటికి జరిపితే ఆ లెక్క అంతా తారుమారవుతుంది. అందుకని ప్రతి కాలి అడుగున ఇనుప పలక వేసి, దానికి నట్టు వెల్డింగ్ చేయించి, అందులో ఎం16 (16 మిల్లీమీటర్ల లావు) బోల్టు దించాలని నిశ్చయించాను. బోల్టును తిప్పితే కాలు పైకి లేస్తుంది లేదా దిగుతుంది, రెండవ నట్టుతో బిగిస్తే అక్కడే నిలిచిపోతుంది. బోల్టు తల నేరుగా సిమెంటు మీద కూర్చుంటే అదురుకు నేల పొడి రాలుతుంది కాబట్టి, కింద గ్రానైటు ముక్కలు పరచాలి. చిత్తూరు జిల్లాలో గ్రానైటు ముక్కలకు కొదవ లేదు; పాలిషింగ్ యూనిట్ల వెనుక కుప్పలుగా పడి ఉంటాయి.

జూన్: ఇనుప చట్రం

కాళ్లకు కొయ్యా, ఇనుమా అన్న చర్చ ఇంట్లో బాగానే జరిగింది. కొయ్య కాళ్లు చూడటానికి బాగుంటాయి, అదురును కూడా కొంత మింగుతాయి. కానీ మా షెడ్డు గోడల అడుగున చెదలు కనిపించని సంవత్సరం లేదు. నేలను తాకే భాగమంతా ఇనుమూ రాయీ అయితే ఆ బాధ సగం తీరుతుంది. రైల్వే క్యారేజ్ రిపేర్ షాపులో ఫిట్టర్‌గా చేసి రిటైరైన మా బావగారు ఇనుము వైపే ఓటు వేశారు. ఇంత చిన్న బల్లకు 50 మిల్లీమీటర్ల చదరపు గొట్టం ఎందుకని నేను అడిగినప్పుడు, ఆయన నవ్వి, "బరువు మోసేదానికి కాదు బామ్మర్దీ. నువ్వు రంపం లాగేటప్పుడు బల్ల కూడా నీ ఎంబడి వస్తా ఉంటే ఇంక పని యాడ జరుగుతాది?" అన్నారు. నేను నాలుగు పేరాల్లో రాసినదాన్ని ఆయన ఒక్క మాటలో తేల్చారు.

కాళ్లకూ పై చట్రానికీ 50 × 50 మిల్లీమీటర్ల చదరపు గొట్టం, గోడ మందం 3 మిల్లీమీటర్లు. కింది అడ్డకమ్మీలకు 40 × 40 గొట్టం, మందం 2 మిల్లీమీటర్లు. ఈ గొట్టాలు 20 అడుగుల పొడవున అమ్ముతారు. మొదటి రకం మీటరుకు నాలుగు కిలోలకు కొంచెం పైన, రెండవది రెండుంబావు కిలోల దరిదాపుల్లో తూగుతాయి. తూకం మీద కొనే సరుకు కనుక, కొనేటప్పుడు గొట్టం కొసన మందాన్ని వెర్నియర్‌తో కొలుచుకోవడం మంచిది. మూడు అని చెప్పి రెండున్నర ఇవ్వడం అరుదేమీ కాదు. జింకు పూత ఉన్న గొట్టం తుప్పు పట్టదన్న ఆశతో కొందరు దాన్నే అడుగుతారు. వెల్డింగ్ వేడికి ఆ జింకు తెల్లటి పొగగా లేచి, పీల్చినవారికి జ్వరం తెప్పిస్తుంది. అందుచేత పూత లేని నల్ల గొట్టం తీసుకొని రంగు వేసుకోవడమే నయం.

వెల్డింగ్ రేణిగుంట రోడ్డులోని ఒక షాపులో జరిగింది. అక్కడ నేను పట్టుబట్టి చేయించినది ఒక్కటే: మూలలన్నీ ముందుగా చుక్కలతో మాత్రమే అతికించి, కర్ణాలు కొలిచిన తరువాతనే పూర్తి వెల్డింగ్ మొదలుపెట్టాలి. దీర్ఘచతురస్రంలో రెండు కర్ణాలూ సమానంగా ఉంటే మూలలన్నీ 90 డిగ్రీలే; దీనికి మూలమట్టం కూడా అవసరం లేదు, టేపు చాలు. కర్ణాల మధ్య తేడా ఉంటే, పొడవైన కర్ణం వైపు సుత్తితో ఒక దెబ్బ వేసి సరిచేయవచ్చు. పూర్తి వెల్డింగ్ అయిన తరువాత అది సాధ్యపడదు. వెల్డింగ్ కూడా ఒక మూల పూర్తిచేసి పక్క మూలకు పోకుండా, ఎదురెదురు మూలల్లో కొద్ది కొద్దిగా పోయించాలి. కరిగిన లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోయి గొట్టాన్ని తన వైపు లాగుతుంది; ఆ లాగుడు అన్ని వైపులా సమానంగా పంచబడితే చట్రం వంకర పోదు.

ఏటవాలు బద్దె విషయంలో బావగారికీ నాకూ కొంత వాదన జరిగింది. వెనుక భాగంలో ఒక మూల నుంచి ఎదుటి మూలకు 40 మిల్లీమీటర్ల గొట్టమే వేయాలని ఆయన, 5 మిల్లీమీటర్ల ఇనుప పట్టీ చాలునని నేను. పట్టీ లాగితే ఆగుతుంది గానీ నొక్కితే వంగిపోతుంది. కాబట్టి పట్టీ అయితే గుణకారం గుర్తులాగా రెండు వేయాలి, గొట్టం అయితే ఒక్కటే రెండు దిక్కులా పని చేస్తుంది. ఆయన మాటే నెగ్గింది. ముందు వైపు బద్దె వేస్తే సొరుగులకు అడ్డం వస్తుంది కనుక, అక్కడ ప్రతి మూలలో 6 అంగుళాల త్రికోణపు పలకలు వేయించాము. బద్దె వేయక ముందు చట్రాన్ని పక్క నుంచి తోసినప్పుడు పై కమ్మీ కదలిక కంటికి స్పష్టంగా కనిపించింది. వేసిన తరువాత బావగారు భుజం ఆనించి తోసినా నాకు ఏ కదలికా కనిపించలేదు. అదనంగా చేరిన బరువు ఐదు కిలోలు కూడా లేదు.

గొట్టాల తెరిచిన కొసలన్నిటినీ పలుచని పలకలతో మూయించాను. లోపలికి తేమ పోకుండా ఉండటం ఒక కారణం, కుమ్మరి పురుగులు మట్టి గూళ్లు కట్టకుండా ఉండటం మరొకటి. ఆ తరువాత తుప్పును ఆపే రెడాక్సైడ్ ఒక పూత, ముదురు బూడిదరంగు ఎనామెల్ రెండు పూతలు.

జూలై: పై పలక

ఘనమైన కొయ్య పలకా, ప్లైవుడ్డా అన్నది తరువాతి ప్రశ్న. కొయ్య గాలిలోని తేమను బట్టి అడ్డంగా ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. నిలువునా దాదాపు కదలదు. తిరుపతిలో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, గాలి ఎండిపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు వచ్చి గోడలకు చెమ్మ పట్టిస్తాయి. రెండడుగుల వెడల్పున్న కొయ్య పలక ఈ రెండు కాలాల మధ్య కొన్ని మిల్లీమీటర్లు పెరిగి తరగడం ఖాయం. ఇనుప చట్రం పెరగదు. రెండింటినీ గట్టిగా బిగిస్తే కొయ్య పగులుతుంది. ప్లైవుడ్డులో ఒక పొర ఈనె (కొయ్య పోగుల వరస) నిలువుగా, తరువాతి పొర ఈనె అడ్డంగా ఉండి ఒకదాన్నొకటి పట్టి ఉంచుతాయి కనుక ఆ కదలిక చాలా తక్కువ. అందానికి కొయ్య, స్థిరత్వానికి ప్లైవుడ్డు అని అనుకుంటే, నేను మొదటి నుంచీ వెతుకుతున్నది రెండవదే.

18 మిల్లీమీటర్ల 8 × 4 అడుగుల షీటు ఒకటి తీసుకున్నాను. ప్లైవుడ్డుకు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 303లో రెండు తరగతులుంటాయి: మామూలు తేమను తట్టుకునేది ఎంఆర్, నీటిని మెరుగ్గా తట్టుకునేది బీడబ్ల్యూఆర్. మొదటిదానిలో యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు, రెండవదానిలో ఫినాల్ ఫార్మాల్డిహైడ్ జిగురు వాడతారు. గ్రిల్లు గేటున్న షెడ్డులోకి జల్లు కొడుతుంది గనుక బీడబ్ల్యూఆర్ తీసుకోవడమే సబబు. ఐఎస్ 710 ప్రమాణపు మెరైన్ ప్లైవుడ్డు ఇంకా మంచిదే, కానీ బల్ల నీళ్లలో తేలబోవడం లేదు. అంగట్లో నోటితో చెప్పే పేరును నమ్మకుండా, షీటు మీద ఐఎస్‌ఐ గుర్తు, దాని కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉన్నాయో లేదో చూసుకోవాలి.

షీటు అసలు వెడల్పు 1220 మిల్లీమీటర్లు. రంపం 3 మిల్లీమీటర్ల దాకా తినేస్తుంది కాబట్టి రెండు సమాన భాగాలు కోస్తే ఒక్కొక్కటి 608 మిల్లీమీటర్లకు వస్తుంది. ఈ రెండింటినీ ఒకదాని మీద ఒకటి జిగురుతో అతికిస్తే 36 మిల్లీమీటర్ల మందం. పలక వంగుడు దాని మందం ఘనానికి విలోమంగా ఉంటుంది. మందం రెట్టింపైతే వంగుడు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అయితే ఈ లెక్క రెండు పలకలూ ఒక్కటైపోయినప్పుడే వర్తిస్తుంది. జిగురు లేకుండా పేర్చి మేకులు కొడితే అవి ఒకదాని మీద ఒకటి జారుకుంటూ వేర్వేరుగా వంగుతాయి, లాభం రెండింతలే మిగులుతుంది. జిగురు డబ్బాకు పెట్టిన డబ్బు అంతకంటే బాగా ఎక్కడా పనిచేయదు.

ఎండాకాలం పోయినా జూలై మధ్యాహ్నం ఫెవికాల్ చూస్తుండగానే పొర కడుతుంది. అందుకని తెల్లవారుజామునే మొదలుపెట్టి, పళ్ల పట్టీతో రెండు ముఖాలకూ సమంగా పూసి, పలకలను కలిపి, అంచులను సీ క్లాంపులతో బిగించాము. మధ్య భాగాన్ని క్లాంపులు అందుకోలేవు; అడుగు నుంచి 30 మిల్లీమీటర్ల స్క్రూలు జానెడు దూరానికొకటి చొప్పున దించి పలకలను దగ్గరకు లాగాము. ఈ స్క్రూలు ఎక్కడ పడతాయో ముందే గీసుకోవడం అవసరం, ఎందుకంటే తరువాత ఆ పలకలోనే ముందు అంచు వెంబడి 20 మిల్లీమీటర్ల రంధ్రాలు వేయాలి; ఇనుప స్క్రూ మీదకు బరమా దిగితే బరమా పోతుంది. రాత్రంతా అలాగే ఉంచి మరునాడు క్లాంపులు విప్పాము.

రంధ్రాల మధ్య దూరం 96 మిల్లీమీటర్లు. వాటిలో లేత్ మీద తీయించిన 20 మిల్లీమీటర్ల ఇనుప గూటాలు దిగుతాయి. చిత్రిక పట్టవలసిన చెక్కను ఒక గూటానికి ఆనించి రెండవ కొసను వైసు దవడలోని గూటంతో నొక్కితే, పై ముఖమంతా ఖాళీగా ఉండి చిత్రికకు అడ్డు లేకుండా పోతుంది. మాధవమాల శిల్పి పాదం చేసే పనిని ఇక్కడ ఈ గూటాలు చేస్తాయి.

ఆగస్టు: అంచుకు వేగి కొయ్య

ప్లైవుడ్డు అంచు సున్నితమైనది. వైసు నొక్కుడుకూ సుత్తి తగులుడుకూ పొరలు చిట్లుతాయి. ముందు అంచుకు గట్టి కొయ్య బద్దె వేయాలి. చింత గురించి ఆలోచించాను. మాంసం అంగళ్లలో మొద్దుగా పెట్టేది చింతనే, దాని గట్టిదనానికి అంతకు మించిన రుజువు అక్కర్లేదు. కానీ దాని ఈనె ఒకదానిలో ఒకటి పెనవేసుకొని ఉండి చిత్రికకు లొంగదు, పైగా చేవ చుట్టూ ఉండే తెల్ల కొయ్యకు పుచ్చు త్వరగా పడుతుంది. మామిడి మన జిల్లాలో కావలసినంత దొరుకుతుంది గానీ అంచుకు వేసేంత గట్టిది కాదు.

చివరకు పాత ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చే కలప అమ్మే చోట ఒక వేగి ద్వారబంధపు నిలువు దొరికింది. అమ్మే పెద్దాయన, "కొత్త కొయ్య ఎందుకు సామీ, అది ఇంకా ఎండల్ల. ఇది మీ తాత కాలంలోనే ఎండిపోయింది, ఇంక మెలి తిరిగేదానికి దీంట్లో ఏం మిగల్లేదు" అన్నాడు. పాత కలప గురించి అంతకంటే చెప్పవలసింది లేదు, ఒక్క మేకుల సంగతి తప్ప. గోడలోకి కొట్టిన మేకులు విరిగి లోపలే ఉండిపోతాయి. స్పీకరు నుంచి తీసిన అయస్కాంతాన్ని దారానికి కట్టి కొయ్య పొడవునా మెల్లగా జరిపితే, మేకున్న చోట అది లాక్కుంటుంది. అలా వెతికి పీకిన తరువాతనే సామిల్లుకు పంపాలి. రంపం బ్లేడు పళ్లు విరిగితే మిల్లువాళ్లు మళ్లీ మన ముఖం చూడరు.

శేషాచలం కొండల కింద ఉంటూ పాత కొయ్య కొన్నప్పుడు బిల్లు తీసుకొని దాచుకోవడం తప్పనిసరి. వేగీ ఎర్రచందనమూ శాస్త్రీయంగా ఒకే ప్రజాతి, టెరోకార్పస్‌కు చెందినవి. ఒకటి మార్సూపియం, మరొకటి శాంటలైనస్. రంగులో పోలిక లేదు, వేగి పసుపుపచ్చ కలిసిన గోధుమ రంగులో ఉంటుంది, అయినా దారిలో ఎవరైనా ఆపితే ప్రజాతి పాఠం చెప్పడం కంటే బిల్లు చూపడం సులభం. ఎర్రచందనం 1995 నుంచి, ముప్పున్న జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందపు రెండవ అనుబంధంలో ఉన్న చెట్టు; పనిబల్ల కోసం దాని ఊసు కూడా ఎత్తకూడదు. వేగి గురించి ఇంకొక ముచ్చట: దాని చేవ పొట్టును గ్లాసు నీటిలో నానబెడితే కాసేపటికి ఆ నీరు వెలుతురులో నీలంగా మెరుస్తుంది. మా పిల్లలకు మొత్తం ప్రాజెక్టులో బాగా నచ్చిన భాగం అదే. ఆ రంగే తడి తగిలినప్పుడు పసుపు మరకగా దిగుతుంది గనుక, తెల్ల చెక్కను తడిగా ఈ అంచుకు ఆనించి ఉంచరాదు.

బద్దెను జిగురుతోనూ 75 మిల్లీమీటర్ల స్క్రూలతోనూ అంచుకు బిగించి, పలకతో సమంగా చిత్రిక పట్టాను. బల్లకు మూడు పూతలు కాచిన అవిసె నూనె పట్టించాను. వార్నిష్ అయితే జారుతుంది, గీతలు పడితే వికారంగా కనిపిస్తుంది. నూనె అరిగిన చోట మళ్లీ పూసుకోవచ్చు. ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే, నూనె గాలితో కలిసి ఆరేటప్పుడు పుట్టే వేడి లోపలే చిక్కుకొని వాటికవే అంటుకుంటాయి. గుడ్డలను విప్పి తీగ మీద ఆరవేసి, గట్టిపడిన తరువాతనే పారవేయాలి.

సెప్టెంబరు: కడప బండలు, వైసులు, కరెంటు

వాలుడు సమస్య బద్దెతో తీరింది. జారుడు సమస్యకు బరువు కావాలి, అది వీలైనంత కిందుగా ఉండాలి. ఇసుక మూటలు పెట్టుకోవచ్చు, కానీ మన వంటింటి అరలకు వేసే కడప బండ ఉండగా ఇసుక ఎందుకు? కింది అడ్డకమ్మీల మీద 25 మిల్లీమీటర్ల మందం గల రెండు బండలు పరిచాను. అయిదున్నర అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు గల ఆ అర బరువే 50 కిలోలు దాటుతుంది. చెదలు పట్టదు, నీరు తాగదు, నూనె చిందితే తుడిస్తే పోతుంది. ఇంత చవకగా ఇన్ని గుణాలు ఒకచోట దొరకడం అరుదు. రాయికీ ఇనుముకూ మధ్య పాత సైకిలు ట్యూబు ముక్కలు వేయడంతో గలగల చప్పుడు కూడా లేదు. గోడకు యాంకరు బోల్టులతో బిగించమని సలహా ఇచ్చినవారున్నారు. మా గోడకు నవంబరులో చెమ్మ దిగుతుంది. బల్ల వెనుక నాలుగు అంగుళాల సందు ఉంటేనే గాలి ఆడుతుంది, చీపురు పోతుంది. కడప బండ ఉండగా గోడ సాయం అవసరం పడలేదు.

చెక్క వైసు ఎడమ చివర, ఇనుప వైసు కుడి చివర. నేను కుడిచేతి వాటం మనిషిని కనుక చిత్రిక కుడి నుంచి ఎడమకు నడుస్తుంది, ఆ తోపును ఎడమ చివరి వైసు తీసుకోవాలి. చెక్క వైసు లోపలి దవడ బల్ల అంచుతో సరిసమానంగా ఉండాలి. అప్పుడే పొడవైన పలకను దవడకూ అంచుకూ ఒకేసారి ఆనించగలం. ఇనుప వైసును దీనికి భిన్నంగా, కదలని దవడ అంచు కంటే కొంచెం ముందుకు వచ్చేలా బిగించాలి. పొడవైన కడ్డీని నిలువుగా పట్టినప్పుడు అది బల్లకు తగలకుండా కిందికి దిగుతుంది. రెండూ కాళ్లకు నేరుగా పైనే ఉన్నాయి. సుత్తి దెబ్బ పలకను అదరగొట్టకుండా కాలి గుండా నేలకు పోతుంది.

ఇనుప వైసును నేరుగా బల్లకు కాకుండా ఒక విడి పలకకు బిగించి, ఆ పలకను నాలుగు బోల్టులతో బల్లకు పట్టించాను. చెక్కపని ఎక్కువగా ఉన్న రోజుల్లో దాన్ని విప్పి కింద పెట్టవచ్చు. దీనికి చోటు ఒక్కటే కారణం కాదు. ఆకురాయి రజను చెక్క మీద పడి తేమ తగిలితే, కొయ్యలోని టానిన్‌తో కలిసి నల్లటి మచ్చలు వేస్తుంది, అవి చిత్రిక పట్టినా ఒక పట్టాన పోవు. తుమ్మ, టేకు వంటి కొయ్యలు పనిలో ఉన్నప్పుడు ఇనుప రజను బల్ల మీద లేకుండా ఊడ్చుకోవడం నియమంగా పెట్టుకోవాలి.

కరెంటు పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతనే చేయించాను. మీటరు బోర్డు నుంచి విడిగా 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ, కరెంటు మితిమీరితే ఆపే 16 ఆంపియర్ల ఎంసీబీ, కరెంటు లీకైతే ఆపే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తు. వాన జల్లు పడే నేల మీద నిలబడి గ్రైండరు పట్టుకునే చోట ఆర్‌సీసీబీ లేకుండా సాకెట్టు పెట్టించడం నా ఉద్దేశంలో నేరమే. సాకెట్లు బల్ల పై నుంచి జానెడు ఎత్తున గోడకు ఉన్నాయి. బల్ల అంచు కిందనైతే పొట్టు చేరుతుంది, వైర్లు కాళ్లకు చుట్టుకుంటాయి. నాలుగడుగుల ఎల్‌ఈడీ ట్యూబులు రెండు వేశాము, రెండవది బల్ల ముందు అంచుకు సరిగ్గా పైన. దీపం వెనుక ఉంటే మన నీడే పని మీద పడుతుంది.

అక్టోబరు: పరీక్ష

బల్లను పరీక్షించడానికి గోడ మీద పెన్సిలుతో ఒక గీత, బల్ల వెనుక అంచు మీద దానికి ఎదురుగా మరొక గీత పెట్టి, స్ప్రింగు కాటాను ముందు మూలకు తగిలించి పొడవు దిశలో 20 కిలోలు చూపేంత వరకు లాగాము. గీతలు విడిపోలేదు. ఆ తరువాత వేప పలక ఒకటి బిగించి, కావాలనే చిత్రిక ఆకును లోతుగా దించి తోశాను. బల్ల మీద పెట్టిన గ్లాసులో నీరు వణికింది గానీ బల్ల కదలలేదు. లోతు దిశలో, అంటే గోడ వైపు తోసినప్పుడు మాత్రం పై అంచులో కొద్దిపాటి ఊగుడు ఉంది. రెండు పక్క చట్రాలలో బద్దె లేదు, కింది కమ్మీ మీదనే అవి ఆధారపడుతున్నాయి. పొడవు దిశలో చేసే పనులే ఎక్కువ గనుక ఇది పెద్ద లోపం కాదు. అయినా ముందు వైపు వేయించినటువంటి త్రికోణపు పలకలు నాలుగు కోయించి ఉంచాను, వానలు తగ్గిన తరువాత పక్కలకు కూడా వేయిస్తాము.

పరీక్షలో తెలిసిన మరొక సంగతి: 36 మిల్లీమీటర్ల పలక గూటాలకు చాలు గానీ, కొయ్యను పై నుంచి అదిమే వంకర కొక్కేనికి చాలదు. ఆ కొక్కెం రంధ్రంలో ఏటవాలుగా ఇరుక్కుని పట్టుకుంటుంది. రంధ్రానికి తగినంత లోతు లేకపోతే పట్టు దొరకదు. కొక్కెం దించే రెండు రంధ్రాల కింద మాత్రం మిగిలిన వేగి ముక్కలను జిగురుతో అతికించి మందం పెంచాను.

పనిముట్ల గోడకు పెగ్గుబోర్డు కాకుండా, 45 డిగ్రీల వాలుతో చీల్చిన బద్దెలు అమర్చాను. ఒక బద్దె వాలు పైకి చూస్తూ గోడకు ఉంటుంది, రెండవది వాలు కిందికి చూస్తూ పనిముట్ల అర వెనుక ఉంటుంది. అర తన బరువుకు తానే దానిలో దిగి కూర్చుంటుంది, కావలసినప్పుడు ఎత్తి మరొక చోట తగిలించవచ్చు. గోడ చెమ్మ చెక్కకు ఎక్కకుండా బద్దెల వెనుక అర అంగుళం సందు వదిలాను. ఉలులకూ చిత్రిక ఆకులకూ వారానికొకసారి పలుచగా మిషను నూనె రాయడం ఈ నెల నుంచే మొదలుపెట్టాలి, ఎందుకంటే తుప్పు పట్టిన తరువాత నూనె రాయడం పనికిరాదు.

ఉలులు నూరడానికి బల్ల కుడి చివర 18 మిల్లీమీటర్ల గ్రానైటు ముక్క ఒకటి ఉంచాను, 2 అడుగులు, ఒకటిన్నర అడుగు. పాలిష్ చేసిన గ్రానైటు ముఖం చాలా చదును. దాని మీద నీటి కాగితాన్ని (తడిపి వాడే గరుకు కాగితాన్ని) తడిపి అంటించి 400 నంబరు నుంచి 2000 వరకు వరసగా నూరితే, ఉలి వెనుక ముఖం అద్దంలా వస్తుంది.

నవంబరు: మిగిలిన పని

సొరుగులు మిగిలాయి. షీటులో మిగిలిన 2 × 4 అడుగుల ముక్కతో వాటి ముందు పలకలు, పక్కలకు 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్డు. సొరుగులు జారడానికి 18 అంగుళాల టెలిస్కోపిక్ చానళ్లు వచ్చాయి. వీటికి ఒక్కొక్క పక్కన పదమూడు మిల్లీమీటర్ల దాకా సందు కావాలి, కాబట్టి సొరుగు బయటి వెడల్పు ఖాళీ కంటే 26 మిల్లీమీటర్లు తక్కువ. ఇనుప చట్రానికి నేరుగా చానల్ బిగించకుండా మధ్యలో టేకు బద్దె వేస్తున్నాను, ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా వస్తే ఆ బద్దెను చిత్రిక పట్టి సరిచేసుకోవచ్చు. మూడు సొరుగులలో పైది లోతు తక్కువది, కొలత సాధనాలకు, మధ్యది ఉలులకు, అడుగుది మోటారు విడిభాగాలకు. వాన తెరిపి ఇచ్చిన రోజున ప్లైవుడ్డు కోయించడానికి సామిల్లుకు వెళ్లాలి.